కోణం కూడా దూరంతోనే: ఎన్ని డైమెన్షన్లకైనా పనికొచ్చే ఒక ఫంక్షన్

రెండు బిందువుల మధ్య దూరం, రెండు వెక్టర్ల మధ్య కోణం. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన వాళ్లందరికీ ఈ రెండు సూత్రాలూ నోటికి వచ్చు. నిరూపకాల తేడాలను వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే దూరం. డాట్ ప్రొడక్ట్‌ను రెండు పొడవులతో భాగించి ఆర్క్ కొసైన్ తీస్తే కోణం. 2డి అయినా, 3డి అయినా, 768 డైమెన్షన్లయినా సూత్రం అదే, అంశాల సంఖ్య మాత్రమే పెరుగుతుంది. అందుకే చాలామంది ఈ ఫంక్షన్లను నాలుగు లైన్లలో రాసేసి, (3, 4)కి 5 వచ్చిందని చూసుకుని ముందుకెళ్లిపోతారు.

దూరం విషయంలో ఆ నాలుగు లైన్లు చాలావరకు నిలబడతాయి. కోణం దగ్గరే చిక్కు. పాఠ్యపుస్తకంలోని కోణం సూత్రం కాగితం మీద నూటికి నూరుపాళ్లు సరైనదే, కానీ దాన్ని ఉన్నదున్నట్టు కోడ్‌లోకి దించకూడదు. ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం.

(1, 1) అనే వెక్టర్‌కి దానితోనే ఉన్న కోణం ఎంత? సున్నా. ఇప్పుడు అదే లెక్క డబుల్ ప్రెసిషన్‌లో, అంటే కంప్యూటర్ మామూలుగా వాడే 64 బిట్ల దశాంశ సంఖ్యల్లో, చేద్దాం. డాట్ ప్రొడక్ట్ 2. పొడవు √2, అంటే 1.4142135623730951. ఈ పొడవును దానితోనే గుణిస్తే 2 రాదు, 2.0000000000000004 వస్తుంది. 2ను దాంతో భాగిస్తే 0.9999999999999998. దీని ఆర్క్ కొసైన్ సున్నా కాదు, సుమారు 2.1 × 10⁻⁸ రేడియన్లు. పదహారో అంకెలో మొదలైన పొరపాటు ఎనిమిదో అంకెలోకి వచ్చి కూర్చుంది.

(1, 1, 1)తో పరిస్థితి ఇంకా ఘోరం. √3ను √3తో గుణిస్తే 2.9999999999999996. 3ను దాంతో భాగిస్తే 1.0000000000000002. కొసైన్ ఒకటి దాటిపోయింది! పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని ఏకాస్‌కి (ఆర్క్ కొసైన్ ఫంక్షన్) ఈ విలువ ఇస్తే వాల్యూ ఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నంపై అయితే ఒక వార్నింగ్ చూపించి 'నాన్' ఇచ్చి ఊరుకుంటుంది. నాన్ అంటే సంఖ్య కానిది. అది తర్వాతి లెక్కలన్నిటిలోకీ పాకి, తప్పు ఎక్కడ పుట్టిందో తెలియకుండా చేస్తుంది. ఆగిపోవడమే నయం.

దీనికి అందరూ వేసే మందు ఒకటుంది: కొసైన్ విలువను −1కి, 1కి మధ్య బిగించెయ్యడం. దాంతో రెండో సమస్య పోతుంది, మొదటిది పోదు. 0.9999999999999998 బుద్ధిగా హద్దుల్లోనే ఉంది కదా, బిగింపు దాన్ని ముట్టుకోదు. పొడవులను విడివిడిగా తీయకుండా, వాటి వర్గాలను గుణించి ఒకేసారి వర్గమూలం తీస్తే పై రెండు ఉదాహరణలూ సరిగ్గా వస్తాయి (√4 = 2, √9 = 3), అయినా అసలు జబ్బు అలాగే ఉంటుంది. (1, 0), (1, 10⁻¹⁰) తీసుకోండి. వాటి మధ్య కోణం 10⁻¹⁰ రేడియన్లు. ఆర్క్ కొసైన్ పద్ధతి ఎలా తిప్పి రాసినా సున్నా అనే చెబుతుంది.

అసలు జబ్బు కొసైన్ ఆకారంలోనే ఉంది. సున్నా దగ్గర కొసైన్ వక్రం దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. చిన్న కోణానికి కొసైన్ అంటే 1లోంచి కోణం వర్గంలో సగం తీసేసినంత. కోణం 10⁻⁸ అయితే తీసెయ్యాల్సింది 5 × 10⁻¹⁷. ఒకటికి దిగువన డబుల్ ప్రెసిషన్ సంఖ్యల మధ్య ఎడమే 1.1 × 10⁻¹⁶, కాబట్టి అంత చిన్న తేడాని దాచుకునే చోటు లేదు. కొసైన్ లెక్కించిన క్షణంలోనే కోణం సమాచారం పోయింది, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. 180 డిగ్రీల దగ్గర కూడా ఇదే కథ. 90 డిగ్రీల చుట్టుపక్కల మాత్రం ఆర్క్ కొసైన్ చక్కగా పనిచేస్తుంది. అందుకే మామూలు పరీక్షల్లో ఈ లోపం బయటపడదు.

3డిలో చాలామంది క్రాస్ ప్రొడక్ట్ వైపు తిరుగుతారు: క్రాస్ ప్రొడక్ట్ పొడవును, డాట్ ప్రొడక్ట్‌ను ఏటాన్2కి (లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజం, పక్క భుజం ఇస్తే కోణం చెప్పే ఫంక్షన్) ఇస్తే కోణం కచ్చితంగా వస్తుంది. మంచి పద్ధతే. కానీ ఆ గుణకారం మనకు తెలిసిన రూపంలో 3డి దాటి రాదు (7 డైమెన్షన్లలో ఒక వింత రూపం ఉంది, మిగతా చోట్ల అదీ లేదు). మనకు కావాల్సింది ఎన్ని అంశాలిచ్చినా పనిచేసేది.

ఇప్పుడు అసలు కిటుకు. రెండు వెక్టర్లనూ వాటి వాటి పొడవులతో భాగించండి. రెండూ ఒక యూనిట్ పొడవుకి వస్తాయి. ఒకే మొదలు నుంచి బయల్దేరిన ఈ రెండు సమానమైన భుజాలతో ఒక రాంబస్ గీసుకోండి. దాని ఒక కర్ణం రెండు వెక్టర్ల మొత్తం, ఇంకో కర్ణం వాటి తేడా. రాంబస్ కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఖండించుకుంటాయి, కోణాన్ని సగానికి చీలుస్తాయి. కాబట్టి తేడా పొడవు = 2 × సైన్ (కోణంలో సగం), మొత్తం పొడవు = 2 × కొసైన్ (కోణంలో సగం). ఈ రెండు పొడవులనూ ఏటాన్2కి ఇచ్చి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే కోణం వచ్చేసింది.

డాట్ ప్రొడక్ట్ అవసరమే పడలేదు. కోణం లెక్క రెండు పొడవుల లెక్కగా మారిపోయింది. రెండు వెక్టర్లు ఎన్ని డైమెన్షన్లలో ఉన్నా, ఆ రాంబస్ ఒక తలం మీదే ఉంటుంది కాబట్టి 2డి బొమ్మలో చేసిన తర్కం 768లోనూ అక్షరాలా నిలుస్తుంది. కంప్యూటర్లు దశాంశ సంఖ్యలను దాచుకునే పద్ధతిని నిర్ణయించిన ఐఈఈఈ 754 ప్రమాణానికి ప్రధాన రూపశిల్పి, 1989 ట్యూరింగ్ అవార్డు గ్రహీత విలియం కహాన్ సిఫారసు చేసిన పద్ధతి ఇదే. ఇందాకటి (1, 0), (1, 10⁻¹⁰)ని దీనిలో వేసి చూడండి. తేడా పొడవు 10⁻¹⁰, మొత్తం పొడవు 2. ఏటాన్2 ఇచ్చేది 0.5 × 10⁻¹⁰, దానికి రెట్టింపు 10⁻¹⁰. అంకె పొల్లుపోలేదు. (1, 1, 1)కి దానితోనే అయితే తేడా అచ్చంగా సున్నా, కోణం అచ్చంగా సున్నా. ఎదురెదురు దిశలైతే మొత్తం సున్నా అవుతుంది, ఏటాన్2 90 డిగ్రీలిస్తుంది, రెట్టిస్తే 180.

ఫంక్షన్లు మూడు. ఏ భాషలో రాసినా నడక ఇదే:

పొడవు (క):
— క అంశాల్లో నాన్ ఒక్కటున్నా, నాన్ తిరిగివ్వు
— పె = క అంశాల్లో, గుర్తు తీసేశాక, అన్నిటికన్నా పెద్దది
— పె సున్నా అయితే 0, పె అనంతమైతే అనంతం తిరిగివ్వు
— ప్రతి అంశాన్నీ పెతో భాగించి, వర్గం చేసి, అన్నీ కూడు
— పె × √(ఆ మొత్తం) తిరిగివ్వు

దూరం (క, గ):
— అంశాల సంఖ్యలు వేరైతే ఎర్రర్
— పొడవు (క − గ) తిరిగివ్వు

కోణం (క, గ):
— అంశాల సంఖ్యలు వేరైతే ఎర్రర్
— పొడవు (క) గానీ పొడవు (గ) గానీ సున్నా అయితే ఎర్రర్
— క1 = క ÷ పొడవు (క), గ1 = గ ÷ పొడవు (గ)
— 2 × ఏటాన్2 (పొడవు (క1 − గ1), పొడవు (క1 + గ1)) తిరిగివ్వు

పొడవు ఫంక్షన్‌లో ఆ 'పె' ఎందుకని అడగొచ్చు. (3 × 10²⁰⁰, 4 × 10²⁰⁰) పొడవు 5 × 10²⁰⁰, డబుల్ ప్రెసిషన్‌లో హాయిగా పడుతుంది. కానీ వర్గం చేస్తే 10⁴⁰⁰ దాకా వెళ్తుంది, డబుల్ హద్దు 1.8 × 10³⁰⁸. మధ్యలోనే అనంతమైపోతుంది. చిన్న సంఖ్యలకు దీనికి ఎదురు జరుగుతుంది: 10⁻²⁰⁰ని వర్గం చేస్తే సున్నా అవుతుంది, పొడవున్న వెక్టర్ పొడవు లేనిదైపోతుంది. అన్నిటికన్నా పెద్ద అంశంతో ముందే భాగిస్తే వర్గాలన్నీ 0కి, 1కి మధ్యే ఉంటాయి.

"అంత పెద్ద సంఖ్యలు మాకెక్కడ వస్తాయి" అనుకుంటే, ఈమధ్య అందరూ వాడుతున్న 16 బిట్ల హాఫ్ ప్రెసిషన్ సంగతి చూడండి. దాని గరిష్ఠ విలువ 65504. 256 వర్గం 65536. అంటే ఒక అంశం 256 అయితే చాలు, వర్గం అనంతం. జీపీయూ మెమరీ మిగులుతుందని వెక్టర్లను హాఫ్ ప్రెసిషన్‌లో దాచుకోండి, తప్పులేదు. వర్గాలూ కూడికా మాత్రం 32 బిట్లలో చెయ్యండి.

నాన్ పరీక్ష మొదటి మెట్టుగా పెట్టడానికీ కారణముంది. పైథాన్‌లో మ్యాక్స్ ఫంక్షన్‌కి (0, నాన్) ఇస్తే 0 వస్తుంది, ఎందుకంటే నాన్‌తో పెద్దదా, చిన్నదా అనే ఏ పోలికైనా 'కాదు' అనే చెబుతుంది. అప్పుడు పె సున్నా అని, పొడవు సున్నా అని ఫంక్షన్ ధీమాగా చెప్పేస్తుంది. ఖాళీ గడులున్న డేటా వచ్చిన రోజున ఇది గుట్టుచప్పుడు కాకుండా తప్పు జవాబులిస్తుంది.

పైథాన్ 3.8 నుంచి మ్యాథ్ మాడ్యూల్‌లో పొడవు చెప్పే హైపాట్ ఎన్ని అంశాలైనా తీసుకుంటుంది, దూరానికి డిస్ట్ అనే ఫంక్షన్ కూడా వచ్చింది. ఈ స్కేలింగ్ పనంతా అవే చేసుకుంటాయి. ఒక్కో జత లెక్కకి మన సొంత పొడవు ఫంక్షన్ బదులు వాటినే వాడండి. నంపైలో పొడవు చెప్పే నార్మ్ ఈ జాగ్రత్త తీసుకోదు, నేరుగా వర్గాలే కూడుతుంది.

సున్నా వెక్టర్‌కి కోణమనేది లేదు. ఇక్కడ ఏం తిరిగివ్వాలనేది మీరే తేల్చుకోవాలి, ఫంక్షన్ తనంతట తాను తేల్చుకోకూడదు. పొడవు పరీక్ష పెట్టకుండా, భాగించే బదులు ఒక్కో వెక్టర్‌ని ఎదుటిదాని పొడవుతో గుణించే రూపం రాస్తే (కహాన్ రూపం అలాగే ఉంటుంది), సున్నా వెక్టర్‌కి ఏటాన్2 (0, 0) అవుతుంది. చాలా భాషల్లో దాని విలువ 0. అంటే "ఈ రెండూ ఒకే దిశలో ఉన్నాయి" అని జవాబు. వాక్యాలను వెక్టర్లుగా మార్చి పోల్చే చోట, ఖాళీ వాక్యానికి వచ్చిన సున్నా వెక్టర్ ప్రతి వాక్యంతోనూ సరిగ్గా సరిపోలినట్టు కనిపిస్తుంది. ఎర్రర్ ఇవ్వడమే నా ఓటు.

అంశాల సంఖ్య పరీక్ష కూడా దండగ కాదు. పైథాన్‌లో జిప్‌తో రెండు లిస్టుల్ని కలిపితే, పొడుగు లిస్టులో మిగిలినవాటిని అది చప్పుడు లేకుండా వదిలేస్తుంది. 3డి బిందువుకీ 2డి బిందువుకీ మధ్య 'దూరం' వచ్చేస్తుంది. 3.10 నుంచి జిప్‌కి స్ట్రిక్ట్ అనే ఐచ్ఛికం ఉంది, అది ఆన్ చెయ్యండి. నంపైలో ప్రమాదం మరోలా ఉంటుంది: ఒకటి 5 అంశాల వరుస, ఇంకోటి 5 అడ్డవరుసలు 1 నిలువు వరుస ఉన్న మాత్రిక అయితే, తీసివేత 5 × 5 మాత్రికనిస్తుంది. దాన్ని కూడితే ఏదో ఒక సంఖ్య వస్తుంది, అదేమిటో ఎవరికీ తెలియదు.

డేటా రకం కూడా చూసుకోండి. ఫొటోల్లో రంగుల విలువలు 8 బిట్ల గుర్తులేని పూర్ణాంకాలు. అందులో 10 − 20 అంటే −10 కాదు, 246. రెండు రంగుల మధ్య దూరం కొలిచే కోడ్‌లో ఇది మామూలుగా దొరికే తప్పు. 32 బిట్ల పూర్ణాంకాల్లో 46340 దాకా వర్గం పడుతుంది, 46341కి పొంగిపోతుంది. మొదటి లైన్‌లోనే అన్నిటినీ డబుల్‌గా మార్చేస్తే ఈ రెండు గొడవలూ ఉండవు.

బిందువు వేరు, వెక్టర్ వేరు

కోణం ఫంక్షన్ వాడేవాళ్లు తరచుగా చేసే తప్పు ఫంక్షన్ లోపల ఉండదు, దాన్ని పిలిచేచోట ఉంటుంది. మూడు బిందువులు ప, ఫ, బ ఉన్నాయి, ఫ దగ్గర కోణం కావాలి. ప, బలను నేరుగా ఇచ్చేస్తే వచ్చేది మూలబిందువు నుంచి చూసిన కోణం. ఇవ్వాల్సినవి ప − ఫ, బ − ఫ. మోచేయి వంపు కొలిచే వీడియో లెక్క అయినా, అణువులో బంధాల మధ్య కోణమైనా ఇదే. దీనికి మూడు బిందువులు తీసుకునే చిన్న ఫంక్షన్ ఒకటి విడిగా రాసి పెట్టుకుంటే పిలిచేచోట పొరపడే అవకాశం తగ్గుతుంది.

ఇంకోటి, ఈ కోణానికి గుర్తు లేదు. 0 నుంచి 180 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఎడమకా కుడికా అని తెలియాలంటే 2డిలో వేరే లెక్క: మొదటి దాని ఎక్స్‌ను రెండో దాని వైతో గుణించి, మొదటి దాని వైని రెండో దాని ఎక్స్‌తో గుణించినదాన్ని అందులోంచి తీసేసి, వచ్చినదాన్ని మొదటి విలువగా, డాట్ ప్రొడక్ట్‌ను రెండో విలువగా ఏటాన్2కి ఇవ్వాలి. 3డిలో ఎటువైపు నుంచి చూస్తున్నామో చెప్పే మూడో వెక్టర్ కావాలి. 4డి, ఆపైన రెండు వెక్టర్లకే 'ఎడమ' అనేదానికి అర్థం లేదు. అక్కడ గుర్తున్న కోణం కావాలని ఎవరైనా అడిగితే, వాళ్లకు నిజంగా కావాల్సింది వేరే ఏదో అయ్యుంటుంది. బహుశా రొటేషన్. 4డిలో రొటేషన్‌కి 6 తలాలుంటాయి, అది ఒక్క సంఖ్యలో ఇమడదు.

డిగ్రీలా రేడియన్లా అన్న గందరగోళానికి నియమం ఒక్కటే చాలు: లోపలంతా రేడియన్లు, తెరమీద చూపించేటప్పుడు మాత్రమే డిగ్రీలు.

అక్షాంశ రేఖాంశాలు నిరూపకాలు కావు

దూరం ఫంక్షన్ చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని అక్షాంశ రేఖాంశాలను దానికి ఇవ్వడం. హైదరాబాద్ 17.385, 78.487. విజయవాడ 16.506, 80.648. డిగ్రీల తేడాల మీద పైథాగరస్ నడిపితే 2.333 డిగ్రీలు వస్తుంది. డిగ్రీకి 111.2 కి.మీ. అని గుణిస్తే 259 కి.మీ. అసలు గాలిదూరం దాదాపు 250. మన అక్షాంశం దగ్గర రేఖాంశం డిగ్రీ 111 కి.మీ. కాదు, సుమారు 106 మాత్రమే. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఇంకా తగ్గుతుంది కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది.

సరైన దారి మన కోణం ఫంక్షనే చూపిస్తుంది. ఒక్కో ఊరిని భూకేంద్రం నుంచి గీసిన 3డి యూనిట్ వెక్టర్‌గా మార్చండి: మొదటి అంశం కొసైన్ (అక్షాంశం) × కొసైన్ (రేఖాంశం), రెండోది కొసైన్ (అక్షాంశం) × సైన్ (రేఖాంశం), మూడోది సైన్ (అక్షాంశం). రెండు వెక్టర్ల మధ్య కోణాన్ని, రేడియన్లలో, 6371 కి.మీ.తో గుణించండి. హైదరాబాద్, విజయవాడల మధ్య కోణం 0.03921, దూరం 249.8 కి.మీ. భూమి అచ్చమైన గోళం కాదు కాబట్టి అర శాతం దాకా తేడా ఉండొచ్చు, అంతకన్నా కచ్చితంగా కావాలంటే దీర్ఘవృత్తజం (ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న గోళం) లెక్కలకు వెళ్లాలి.

ఆర్క్ కొసైన్ ఎంత నష్టం చేస్తుందో ఇక్కడ కళ్లకు కడుతుంది. 32 బిట్ల సంఖ్యల్లో ఒకటికి దిగువన ఉన్న మొదటి సంఖ్యకు ఆర్క్ కొసైన్ 0.000345 రేడియన్లు. భూమి మీద అది 2.2 కిలోమీటర్లు. అంటే ఆ పద్ధతి చెప్పగల దూరాలు 0, ఆ తర్వాత 2.2, ఆ తర్వాత 3.1 కి.మీ. చార్మినార్ నుంచి పక్కనే ఉన్న మక్కా మసీదుకి దూరం సున్నా అంటుంది. అదే 32 బిట్లలో రాంబస్ పద్ధతికి తప్పు మీటరు అటూఇటూ ఉంటుంది. డెలివరీ యాప్‌లో ఈ తేడా ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

కొలతలు కలవని అక్షాలు

డైమెన్షన్లు పెరిగాక అసలు ప్రశ్న సూత్రం గురించి కాదు, అక్షాల గురించి. ఒక అక్షం మీద ఎత్తు సెంటీమీటర్లలో, ఇంకో దాని మీద బరువు కిలోల్లో, మూడో దాని మీద నెల జీతం రూపాయల్లో పెట్టి దూరం అడిగితే, జీతం తప్ప మిగతావి లెక్కలోకే రావు. సెంటీమీటర్లను మిల్లీమీటర్లు చేస్తే ఎవరికెవరు దగ్గరో మారిపోతుంది. యూనిట్ మార్చితే మారిపోయే జవాబు జవాబే కాదు. కనీసం ఒక్కో అక్షం నుంచి దాని సగటు తీసేసి, ప్రామాణిక విచలనంతో భాగించాలి. దూరానికి సగటు తీసినా తియ్యకపోయినా ఒకటే. కోణానికి మాత్రం మూలబిందువు ఎక్కడుందనేదే ప్రాణం కాబట్టి మొత్తం మారిపోతుంది.

అక్షాలు ఒకదానితో ఒకటి కలిసి పెరిగేవైతే అది కూడా చాలదు. ఎత్తు, బరువు అలాంటివే. దీనికి సరైన కొలతను 1936లో గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఇచ్చారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన దగ్గర చేరిన మన సి.ఆర్. రావు, 1945లో ఆ ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించి, సంభావ్యతా విభాజనాల మధ్యే దూరం ఎలా కొలవాలో చూపించారు. బహుమితీయ దూరాల చరిత్రలో ఇంత పెద్ద వాటా మనదన్న సంగతి తెలుగువాళ్లందరికీ తెలియాల్సినది.

చిన్న ఉదాహరణ. రెండు అక్షాలు, రెండింటి విస్తృతీ 1, సహసంబంధం 0.9. (1, 1), (1, −1) రెండూ మూలబిందువు నుంచి మామూలు లెక్కలో 1.414 దూరం. కానీ రెండూ కలిసి పెరిగే చోట ఒకటి పెరిగి ఒకటి తగ్గడం అరుదు కదా. మహలనోబిస్ దూరం మొదటిదానికి 1.026, రెండోదానికి 4.472. మొదటిది మామూలు మనిషి, రెండోది ఒకసారి ఆగి చూడాల్సిన కొలత.

దీన్ని కోడ్ చేసేటప్పుడు కోవేరియన్స్ మాత్రికను (అక్షాల విస్తృతులు, అవి కలిసి మారే తీరు ఉన్న పట్టిక) తిరగెయ్యకండి. విలోమం తియ్యడం ఖరీదు, పైగా మాత్రిక విలోమం లేనిదానికి దగ్గరగా ఉంటే తప్పులు ఉబ్బిపోతాయి. చొలెస్కీ పద్ధతిలో దాన్ని కింది త్రిభుజ మాత్రికగా విడగొట్టి, పైనుంచి కిందికి సమీకరణాలు సాధించండి. మన ఉదాహరణలో ఆ త్రిభుజ మాత్రిక మొదటి వరుస (1, 0), రెండోది (0.9, 0.43589). (1, −1)కి మొదటి జవాబు 1. రెండోది (−1 − 0.9) ÷ 0.43589 = −4.3589. ఈ రెండు సంఖ్యల మామూలు పొడవు √(1 + 19) = 4.472. అంటే వెక్టర్లను ఒక్కసారి ఇలా మార్చేస్తే ఆ తర్వాత పైన రాసిన పొడవు, దూరం, కోణం ఫంక్షన్లే ఒక్క అక్షరం మార్చకుండా పనిచేస్తాయి. చొలెస్కీ మధ్యలో ఆగిపోతే దాదాపుగా కారణం ఒకటే: నమూనాల సంఖ్య డైమెన్షన్ల సంఖ్యకన్నా ఎక్కువ లేదు, లేదా రెండు కాలమ్స్‌లో ఒకే సమాచారం ఉంది. మాత్రిక కర్ణం మీది అంశాలకు చిన్న సంఖ్య కలిపితే లెక్క నడుస్తుంది, కానీ ముందు ఆ కాలమ్స్ చూసుకోండి.

లక్షల జతలు ఒకేసారి

10,000 వెక్టర్లు, ఒక్కోదానికి 768 అంశాలు, ప్రతి జతకీ దూరం కావాలి. తేడాలన్నీ ఒక్కసారిగా మెమరీలో పెడితే 32 బిట్లలోనే 307 జీబీ. జవాబు మాత్రిక 400 ఎంబీ మాత్రమే. అందుకే లైబ్రరీలు దూరం వర్గాన్ని విప్పి రాస్తాయి: మొదటి దాని పొడవు వర్గం, కలిపి రెండో దాని పొడవు వర్గం, తీసివేత రెండింతల డాట్ ప్రొడక్ట్. డాట్ ప్రొడక్ట్‌లన్నీ ఒక్క మాత్రిక గుణకారంలో వస్తాయి, వేగం బ్రహ్మాండం.

దీనికి చెల్లించే మూల్యం కచ్చితత్వం. 1 డైమెన్షన్‌లోనే చూడండి: 10,00,00,000, 10,00,00,001. దూరం 1. విప్పిన సూత్రంలో వర్గాలు 10¹⁶ దాటుతాయి, అక్కడ పక్కపక్క డబుల్ ప్రెసిషన్ సంఖ్యల మధ్య ఎడం 2 ఉంటుంది, చివరి 1 రాలిపోతుంది. తీసివేత అయ్యాక మిగిలేది సున్నా. ఒక్కోసారి సున్నాకన్నా తక్కువ కూడా వస్తుంది, అప్పుడు వర్గమూలం నాన్. మందు ఇది: ముందే అన్నిటి నుంచీ సగటు వెక్టర్‌ని తీసెయ్యండి (దూరాలు మారవు, అంకెలు చిన్నవవుతాయి), రుణ విలువలను సున్నా చెయ్యండి, ఈ వేగపు లెక్కతో దగ్గరివి ఒక 50 ఏరుకుని వాటికి మాత్రం అసలు దూరం ఫంక్షన్‌తో మళ్లీ లెక్కించండి. దగ్గరిది ఏదో తేల్చడానికే అయితే వర్గమూలం కూడా అక్కర్లేదు, వర్గాలను పోలిస్తే చాలు.

వెక్టర్లన్నీ యూనిట్ పొడవువైతే దూరం వర్గం = 2 − 2 × కొసైన్. కాబట్టి దూరంతో వరుస పెట్టినా, కోణంతో పెట్టినా అదే వరుస వస్తుంది. కానీ 1 − కొసైన్ అనే 'కొసైన్ దూరం' అసలు దూరమే కాదు. 0, 45, 90 డిగ్రీల్లో మూడు వెక్టర్లు తీసుకోండి. ఒక్కో మెట్టు 0.293, రెండు మెట్లు కలిపి 0.586, నేరుగా వెళ్తే 1. చుట్టు తిరిగితే దారి తగ్గింది! త్రిభుజ అసమానతను నమ్ముకునే బాల్ ట్రీ లాంటి వెతుకులాటలకు దీన్ని ఇస్తే కొన్ని సరైన జవాబులు జారిపోతాయి. కోణాన్నే ఇవ్వండి, కోణం ఆ నియమం తప్పదు.

ఎక్కువ డైమెన్షన్లలో కోణాన్ని చదివే కన్ను కూడా మారాలి. అడ్డదిడ్డంగా ఎంచుకున్న రెండు దిశల మధ్య కొసైన్, 1ని డైమెన్షన్ల సంఖ్య వర్గమూలంతో భాగించినంత మేరకే సున్నా చుట్టూ ఊగుతుంది. 768లో అది 0.036, కోణంలో 90కి రెండు డిగ్రీలు అటూఇటూ. 2డిలో 80 డిగ్రీలంటే దాదాపు సంబంధం లేనట్టే. 768లో అది కాకతాళీయంగా రాదు. అయితే భాషా నమూనాల నుంచి వచ్చే వెక్టర్లు అడ్డదిడ్డమైనవి కావు, చాలాసార్లు అన్నీ ఒకే వైపు ఒరిగి ఉంటాయి. సగటు వెక్టర్‌ని తీసేశాకే కోణాలను నమ్మండి.

పరీక్షలకు (3, 4) ఒక్కటే పెట్టుకోవద్దు. 4డి ఘనానికి మూల నుంచి మూలకు కర్ణం (1, 1, 1, 1): పొడవు సరిగ్గా 2, (1, 0, 0, 0)తో కోణం సరిగ్గా 60 డిగ్రీలు. ఇదే కర్ణం 3డిలో 54.7356, 100 డైమెన్షన్లలో 84.26. (3 × 10²⁰⁰, 4 × 10²⁰⁰), (1, 1, 1) దానితోనే, ఒక వెక్టర్ దాని ఎదురు దానితో, సున్నా వెక్టర్, ఒక నాన్ ఉన్నది, అంశాల సంఖ్య కలవనిది. ఒక వెక్టర్‌ని 5తోనూ ఇంకోదాన్ని 0.001తోనూ గుణించినా కోణం కదలకూడదు. వీటన్నిటికన్నా నాకు నచ్చే పరీక్ష ఇంకోటుంది: 50 డైమెన్షన్లలో ఇష్టమొచ్చిన మూడు బిందువులు తీసుకుని, మూడు మూలల దగ్గరా కోణాలు కొలిచి కూడండి. మూడు బిందువులు ఎక్కడున్నా ఒక తలం మీదే ఉంటాయి కాబట్టి ప్రతిసారీ 180 రావాలి, పదమూడో అంకె దాకా. ఆ మూడింటిలో ఒక బిందువుని మిగతా రెంటిని కలిపే గీతకు దగ్గరగా, ఇంకా దగ్గరగా జరుపుతూ మళ్లీ కూడండి. ఆర్క్ కొసైన్‌తో రాసిన ఫంక్షన్ అక్కడే ఎనిమిదో అంకె దగ్గర తడబడుతుంది.